ఆర్‌ఎక్స్ 100 అని అమ్ముతున్న పాత బండి అసలు ఏ మోడల్, ఏ సంవత్సరానిది? తేల్చుకోవడం ఎలా

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: గుంటూరు దగ్గర ఒకాయన యమహా ఆర్‌ఎక్స్ 100 అమ్ముతున్నారు. 1989 మోడల్, జపాన్ సామాను ఉన్న బండి అని ఎక్కువ ధర చెబుతున్నారు. నంబరు ఏపీ 7 సిరీస్‌ది, సీ-బుక్‌లో రిజిస్ట్రేషన్ 1997 అని ఉంది. ఛాసిస్ నంబరు పొట్టిగా ఉంది, నెట్‌లో దొరికే 17 అక్షరాల పట్టిక పెడితే ఏమీ తేలడం లేదు. ఎవరి మాట నమ్మాలి?

ముందు సూటిగా చెప్పేస్తాను. 1997లో మొదటిసారి రిజిస్టర్ అయిన బండి 1989లో తయారైందంటే దానికి కాగితం మీద ఒక కారణం కనబడాలి. అది చూపించలేకపోతే 1989 అన్న మాటకు విలువ ఇవ్వకండి. పైగా ఆర్‌ఎక్స్ 100 తయారీ 1985 చివర్లో మొదలై 1996లో ఆగిపోయింది. 1997 రిజిస్ట్రేషన్ ఉందంటే రెండే మామూలు దారులు: షోరూంలో మిగిలిన చివరి బండ్లలో ఒకటి కావాలి, లేదా అది ఆర్‌ఎక్స్ 100 కాక దాని తర్వాత వచ్చిన 132 సీసీ బండి కావాలి. రెండోదే ఎక్కువగా జరుగుతుంది. ట్యాంకు మార్చి, స్టిక్కర్ వేస్తే దూరం నుంచి రెండూ ఒకేలా ఉంటాయి.

పాత బండికి సంవత్సరం అనేది ఒకటి కాదు. తయారైన సంవత్సరం వేరు, రిజిస్టర్ అయిన సంవత్సరం వేరు, దానికి ఇప్పుడు బిగించి ఉన్న సామాను సంవత్సరాలు వేరు. అమ్మేవాళ్లు వీటిలో తమకు లాభమైనది చెబుతారు. నమ్మకం ఈ వరసలో పెట్టుకోండి: ఫ్రేము మీద పంచ్ చేసిన నంబరు (ఛాసిస్ నంబరు అంటే ఇదే), తర్వాత సీ-బుక్, తర్వాత ఇంజిన్ నంబరు, అన్నిటికన్నా చివర్లో ట్యాంకు, స్టిక్కర్లు, రంగు. ఎందుకంటే ట్యాంకు మార్చడానికి పది నిమిషాలు, ఇంజిన్ మార్చడానికి ఒక పూట చాలు. ఫ్రేము మాత్రం బండికి ప్రాణం. అది మారితే అది వేరే బండే.

నంబరు చదవడం

హ్యాండిల్‌ను పూర్తిగా ఒకవైపుకి తిప్పి, అది తిరిగే గొట్టాన్ని, అంటే ఫ్రేము మెడను చూడండి. చాలా బండ్లకు నంబరు అక్కడే, కుడివైపున పంచ్ చేసి ఉంటుంది. కొన్నిటికి పక్కనే రివెట్లతో బిగించిన చిన్న రేకు కూడా ఉంటుంది. రేకు మీద నంబరును లెక్కలోకి తీసుకోకండి, రివెట్లు ఊడదీసి ఇంకోటి కొట్టడం ఎవరికైనా వచ్చు. ఇనుము మీద దిగిన నంబరే నంబరు.

ఇన్నేళ్ల మట్టి, గ్రీజు, మీద మూడు నాలుగు కోట్ల రంగు పేరుకుని ఉంటాయి. కిరోసిన్‌లో ముంచిన పాత టూత్‌బ్రష్షుతో రుద్దండి. రంగు మందంగా ఉంటే పెయింట్ రిమూవర్ పూసి కాసేపాగి గుడ్డతో తుడవండి. ఎమెరీ పేపరు, గ్రైండరు, వైరు బ్రష్షు ఆ చోట పెట్టకండి. గీతలు పడితే నంబరు చెరిపే ప్రయత్నం జరిగిందని రేపు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనుమానిస్తారు, ఆ తర్వాత మీరేం చెప్పినా వినరు.

శుభ్రం చేశాక దాని మీద పల్చటి కాగితం పెట్టి, మెత్తటి పెన్సిలును వాల్చి రుద్దండి. ఆర్టీవో ఆఫీసులో తీసే ఛాసిస్ ప్రింట్ ఇదే. కంటికి తెలియని లోతు కాగితం మీద తేలుతుంది. టార్చిని ఎదురుగా కాకుండా పక్క నుంచి పట్టి ఫోటో కూడా తీసుకోండి. 8ని 3గా, బీగా, 1ని 7గా, 5ని ఎస్‌గా చదవడం మామూలుగా జరిగే పొరపాటు.

ఈ ప్రింట్‌లో మోసం కూడా తెలుస్తుంది. కంపెనీ పంచింగ్‌లో అక్షరాల ఎత్తు, లోతు, మధ్య ఖాళీ దాదాపు ఒకేలా వస్తాయి. షెడ్డులో సుత్తితో కొట్టిన నంబరులో ఒక అంకె వాలి ఉంటుంది, ఒకటి లోతుగా, ఒకటి పైపైన ఉంటుంది, 4 లేదా 7 రూపు తేడాగా ఉంటుంది. మెడ చుట్టూ వెల్డింగ్ గీత ఉందేమో వేలితో తడిమి చూడండి. నంబరున్న చోట మాత్రమే లోహం కాస్త పల్లంగా, నునుపుగా ఉంటే అక్కడ గ్రైండింగ్ జరిగింది. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ధర ఎంత తగ్గించినా ఆ బండి వద్దు.

మీ పొట్టి నంబరు సంగతి

17 అక్షరాల నంబరు మన దగ్గర 2000 దశకంలో స్థిరపడింది. అంతకుముందు ఏ కంపెనీ పద్ధతి దానిది. కాబట్టి 1990ల బండికి పొట్టి నంబరు ఉండటం తప్పు కాదు, ఉండాల్సింది అదే. 1990ల బండికి 17 అక్షరాల నంబరు కనిపిస్తేనే కంగారు పడాలి.

ఆర్‌ఎక్స్ 100కి ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు రెండూ 1ఎల్1 అనే గుర్తుతో మొదలవుతాయి, తర్వాత వరస అంకెలు. ఇది మోడల్ గుర్తు, సంవత్సరం గుర్తు కాదు. ఆ ముందు భాగం చూసి "85 బండి", "89 బండి" అని తేల్చి చెప్పేవాళ్ల మాట పట్టించుకోకండి. వరస సంఖ్య చిన్నదైతే పాత బండి, పెద్దదైతే కొత్తది అన్నంత వరకే పనికొస్తుంది. అంటే నంబరుతో మీకు మోడల్ తేలుతుంది, సంవత్సరం సీ-బుక్ నుంచే తీసుకోవాలి. ఫ్రేము మీద 1ఎల్1 ఉండి ఇంజిన్ మీద వేరే గుర్తు ఉంటే, ఫ్రేము ఆర్‌ఎక్స్ 100ది, ఇంజిన్ వేరే మోడల్‌ది. ఇంజిన్ నంబరు క్రాంక్‌కేసు (ఇంజిన్ కింది డొప్ప) మీద చదునుగా చేసిన చోట ఉంటుంది, దాన్ని కూడా అదే విధంగా ప్రింట్ తీయండి.

హీరో హోండా పాత బండ్లలో పద్ధతి తేలిక. 2000 దశకం మొదటి సగంలో వచ్చిన స్ప్లెండర్ లాంటి వాటికి నంబరులో మొదటి రెండంకెలే సంవత్సరం. 02తో మొదలైతే 2002, 03తో మొదలైతే 2003. ఆ వెనకే వచ్చే అక్షరం నెలది. ఛాసిస్‌కీ ఇంజిన్‌కీ ఈ ముందు భాగం ఒకటే ఉండటమో, ఒకటి రెండు నెలల తేడా ఉండటమో సహజం. ఒకటి 01, ఇంకోటి 04 అయితే ఇంజిన్ మారింది.

17 అక్షరాలున్న బండి అయితే

మీకు ఇప్పుడు అవసరం లేకపోయినా ఇది చదివే మిగతావాళ్ల కోసం రాస్తున్నాను. మొదటి మూడు అక్షరాలు కంపెనీవి: ఎంబీఎల్ అంటే హీరో, ఎండీ2 బజాజ్, ఎండీ6 టీవీఎస్, ఎంఈ1 యమహా, ఎంఈ3 రాయల్ ఎన్‌ఫీల్డ్, ఎంఈ4 హోండా, ఎంబీ8 సుజుకి. ట్యాంకు మీద ఒక పేరు, నంబరులో ఇంకో కంపెనీ ఉంటే మాట్లాడాల్సిన పని లేదు.

పదో స్థానంలో సాధారణంగా సంవత్సరం ఉంటుంది. 2001 నుంచి 2009 వరకు 1 నుంచి 9 అంకెలు. 2010కి ఏ, 2011కి బీ, అలా 2017కి హెచ్, 2018కి జే, 2019కి కే, 2020కి ఎల్, 2021కి ఎం, 2022కి ఎన్, 2023కి పీ. ఐ, ఓ, క్యూ అక్షరాలు 1, 0లతో కలిసిపోతాయని ఈ నంబర్లలో ఎక్కడా వాడరు. కాబట్టి ఓ అని మీకు కనిపించిందంటే అది సున్నా. హీరో బండ్లలో పన్నెండో అక్షరం నెల: ఏ జనవరి, హెచ్ ఆగస్టు, ఐ వదిలేసి జే సెప్టెంబరు, ఎం డిసెంబరు.

ఈ పట్టికను గుడ్డిగా వాడొద్దు. 2010కి ముందు కొన్ని కంపెనీలు ఆ స్థానంలో తమ సొంత అక్షరాలు వాడుకున్నాయి. నెట్‌లో దొరికే పట్టిక ప్రకారం 1990ల సంవత్సరం వచ్చి, బండి చూస్తే డిజిటల్ మీటరుతో ఉంటే తప్పు బండిది కాదు, పట్టికది.

సీ-బుక్‌లో ఏం చూడాలి

పాత పుస్తకం ఉంటే అదే అడగండి. స్మార్ట్ కార్డు ఒక్కటే చూపిస్తే సరిపెట్టుకోకండి. తయారీ నెల, సంవత్సరం ఒక గడిలోను, రిజిస్ట్రేషన్ తేదీ ఇంకో గడిలోను ఉంటాయి. పుస్తకం నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు తయారీ సంవత్సరం బదులు రిజిస్ట్రేషన్ సంవత్సరమే పడటం, ఛాసిస్ నంబరు ముందు అక్షరాలు ఎగిరిపోవడం తరచూ కనిపించే తప్పులు. పుస్తకంలో సరిగా ఉండి కార్డులో తప్పు ఉంటే సరిదిద్దుకోవచ్చు, కానీ ఆ పని కొనకముందు, అమ్మేవారి పేరు మీద ఉండగానే వాళ్ల చేత చేయించాలి.

మీ కేసు తేల్చే గడి ఇంకోటి ఉంది: క్యూబిక్ కెపాసిటీ. అక్కడ 98 ఉంటే ఆర్‌ఎక్స్ 100. 132 ఉంటే ఆర్‌ఎక్స్‌జీ, ఆర్‌ఎక్స్ 135, ఆర్‌ఎక్స్ జెడ్ కుటుంబం. ట్యాంకు మీద ఏం రాసి ఉన్నా సరే.

1989 బండికి 1997 రిజిస్ట్రేషన్ రావడానికి న్యాయమైన కారణాలు కొన్ని ఉన్నాయి. సైన్యం వేలంలో అమ్మిన బండి పౌర రిజిస్ట్రేషన్‌లోకి వేలం తర్వాతే వస్తుంది. బుల్లెట్లలో ఇది బాగా కనిపిస్తుంది, ఆర్‌ఎక్స్ 100 విషయంలో ఈ కథ చెబితే వేలం కాగితం అడగండి. రెండోది, వేరే రాష్ట్రం నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) మీద వచ్చి ఇక్కడ కొత్త నంబరు తీసుకున్న బండి. అప్పుడు పాత రాష్ట్రం నంబరు పుస్తకంలో రాసి ఉంటుంది.

నంబరు ప్లేటు కూడా సాక్ష్యమే. 1988 మోటారు వాహనాల చట్టం 1989 జూలై 1న అమల్లోకి వచ్చాకే రాష్ట్రం అక్షరాలు, ఆఫీసు అంకె ఉన్న ఇప్పటి పద్ధతి మొదలైంది. అంతకుముందు మన బండ్లకు ఏతో మొదలయ్యే మూడక్షరాల నంబర్లు ఉండేవి. నిజంగా 1989 మొదట్లో మన రాష్ట్రంలో రోడ్డెక్కిన బండి అయితే దానికి ఆ పాత నంబరు ఉండాలి. ఏపీ 7 అంటే గుంటూరు జిల్లా, సిరీస్ అక్షరాలు వరసగా వస్తాయి కాబట్టి అదే సిరీస్ ఉన్న ఇంకో బండి సీ-బుక్ ఊళ్లో ఎవరిదైనా చూస్తే ఏ కాలంలో ఇచ్చారో మీకే తెలిసిపోతుంది. తెలంగాణలో టీఎస్ సిరీస్ 2014 జూన్‌లో, టీజీ 2024 మార్చిలో మొదలయ్యాయి. ఆంధ్రలో రాష్ట్రమంతటికీ ఒకే ఏపీ 39 సిరీస్ 2019లో మొదలైంది. పాత బండికి ఈ కొత్త నంబర్లు ఉంటే వేరే చోటు నుంచి వచ్చి మళ్లీ రిజిస్టర్ అయిందని అర్థం.

100 ఆ, 135 ఆ: కొలిచి తేల్చడం

కాగితాల మీద నమ్మకం లేకపోతే కొలతే ఆధారం. ఆర్‌ఎక్స్ 100 బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 50 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) 50. 132 సీసీ బండికి స్ట్రోకు అదే 50, బోరు 58. అమ్మేవారు ఒప్పుకుంటే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మెకానిక్ చేత ప్లగ్గు వైరు తీయించి, హెడ్డు నట్లు ఎదురెదురుగా కొంచెం కొంచెం వదులు చేయించి హెడ్డు ఎత్తించండి. వెర్నియర్ కాలిపర్‌తో బోరు కొలవండి. మళ్లీ బిగించేటప్పుడు హెడ్డు గ్యాస్కెట్ కొత్తది వేయాలి, ఆ ఖర్చు మీరే పెట్టుకోండి, బండి ధరలో అదేమంత కాదు.

రీబోర్ చేసిన, అంటే అరిగిన సిలిండర్‌ను లోపల కాస్త పెద్దది చేసి పెద్ద పిస్టన్ వేసిన బండి అయితే అని అనుమానం రావచ్చు. ఓవర్‌సైజు పిస్టన్లు 0.25, 0.50, 0.75, 1.00 మిల్లీమీటర్ల మెట్లలో వస్తాయి. ఎన్నిసార్లు బోరు కొట్టించినా ఆర్‌ఎక్స్ 100 సిలిండర్ 51 దాటదు, అప్పటికి కూడా 102 సీసీయే. కాబట్టి 58 కనిపిస్తే ఇక వాదన లేదు. ఇంకో మంచి విషయం, పిస్టన్ పైన ఓవర్‌సైజు అంకె పంచ్ చేసి ఉంటుంది, మసి తుడిస్తే కనిపిస్తుంది. 100 అని ఉంటే ఆ సిలిండర్‌కి చివరి బోరు కూడా అయిపోయింది, తర్వాత సిలిండరే కొత్తది వెతుక్కోవాలి. ధర మాట్లాడేటప్పుడు ఇది సంవత్సరం కన్నా పెద్ద విషయం.

గేర్లు లెక్కపెట్టడం కూడా కొంత సాయం. ఆర్‌ఎక్స్ 100కి నాలుగే. ఐదు పడితే అది 135 ఇంజినే. కానీ నాలుగు పడ్డంత మాత్రాన 100 అని తేలదు, ఎందుకంటే 135లో నాలుగు గేర్లవి కూడా వచ్చాయి.

"జపాన్ బండి" మాటకొస్తే, మొదట్లో ఎస్కార్ట్స్ కంపెనీ జపాన్ నుంచి వచ్చిన భాగాలను ఇక్కడ బిగించి అమ్మింది నిజమే. తర్వాత్తర్వాత ఇక్కడి తయారీ పెరిగింది. కార్బురేటర్ మీదో, సీడీఐ (ప్లగ్గుకు కరెంటు పంపే పెట్టె) మీదో జపాన్ అని ఉన్నంత మాత్రాన బండి మొదటి బ్యాచ్‌ది కాదు. ఆ సామాను విడిగా కొని బిగించే వ్యాపారమే నడుస్తోంది.

సామానులో సంవత్సరం ఎక్కడ దాగుంటుంది

ప్లాస్టిక్ భాగాల లోపలి వైపు రూపాయి బిళ్ల కన్నా చిన్న గుండ్రటి ముద్ర ఉంటుంది. చుట్టూ 1 నుంచి 12 వరకు అంకెలు, మధ్యలో ఒక బాణం, బాణానికి అటూ ఇటూ సంవత్సరం చివరి రెండంకెలు. బాణం చూపే అంకె ఆ భాగం పోత పోసిన నెల. సైడ్ ప్యానెల్, టెయిల్ ల్యాంపు డొప్ప, ఎయిర్ ఫిల్టర్ పెట్టె లోపల వెతకండి. సైడ్ ప్యానెళ్లు పగిలి మారుతుంటాయి, ఎయిర్ ఫిల్టర్ పెట్టెను మాత్రం ఎవరూ తాకరు, అందుకే అందులో ఉన్న తేదీ నమ్మదగింది. 1980ల భాగాల మీద ఇది అరుదు, 1990ల చివరి నుంచి బాగా దొరుకుతుంది. పార్టు తేదీ బండి తేదీకి రెండు మూడు నెలలు ముందుండటం సరైనది. బండి కన్నా భాగం కొత్తదైతే అది మార్చిన భాగం. అన్ని భాగాలూ బండి కన్నా ఏళ్ల తరబడి పాతవైతే అప్పుడు ఫ్రేము సంగతి మళ్లీ చూడాలి.

టైరు మీద నాలుగంకెల తేదీ, ఉదాహరణకు 3418, అంటే 2018లో 34వ వారం. అది టైరు వయసు మాత్రమే. ఈ అంకెను బండి సంవత్సరమని చెప్పేవాళ్లున్నారు.

మిగతా బండ్లకు కొన్ని గుర్తులు: పల్సర్ 2001 చివర్లో గుండ్రటి హెడ్‌లైటుతో వచ్చింది, రెండు ప్లగ్గులుండే డీటీఎస్‌ఐ ఇంజిన్ 2003లో, డిజిటల్ మీటరు, ఎల్‌ఈడీ టెయిల్ ల్యాంపు 2006 చివర్లో. స్ప్లెండర్ 1994 నుంచి ఉంది, కాబట్టి "1990 స్ప్లెండర్" అనేది లేదు. హీరో, హోండా 2010 డిసెంబరులో విడిపోతున్నట్టు ప్రకటించాయి, 2011లో హీరో మోటోకార్ప్ పేరు వచ్చింది. హెడ్‌లైటు ఆపే స్విచ్చి లేకుండా ఎప్పుడూ వెలిగే ఏర్పాటు 2017 ఏప్రిల్ నుంచి తప్పనిసరి.

బుల్లెట్ల విషయంలో అదనపు జాగ్రత్త కావాలి. కాస్ట్ ఐరన్ ఇంజిన్ దశాబ్దాల పాటు పెద్దగా మారలేదు, ఒక కాలం భాగం ఇంకో కాలం బండికి పడుతుంది. 1990ల బండికి పాత ట్యాంకు, పాత హెడ్‌లైటు డొప్ప పెట్టి 1970ల బండిగా అమ్మడం సులువు. గేర్‌బాక్సు ఇంజిన్ వెనక విడి పెట్టెలా బిగించి, గేరు కుడి కాలికి ఉంటే పాత తరం. ఇంజిన్, గేర్‌బాక్సు ఒకే పోతలో కలిసి ఉంటే అది యూసీఈ, 2009 ప్రాంతం నుంచి వచ్చిన తరం. అంతకు మించి రూపం చూసి సంవత్సరం చెప్పడం కుదరదు, నంబరు, పుస్తకమే శరణ్యం.

ఇంజిన్ నంబరు కలవకపోతే

ఇంజిన్ మార్చడం నేరం కాదు, ఆర్టీవో అనుమతితో మార్చి సీ-బుక్‌లో ఎక్కించుకుంటే. ఎక్కించకపోతే పేరు మార్పిడి దగ్గరో, రెన్యువల్ దగ్గరో ఆగిపోతుంది. సొంత బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, తర్వాత ఐదేళ్లకోసారి ఫారం 25తో రెన్యువల్. 1997 బండికి 2012లో మొదటి రెన్యువల్ అయి ఉండాలి, ఆపైన 2017, 2022. ఇవి ఉన్నాయా లేదా ముందు చూడండి. రెన్యువల్‌కి బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు పెట్టాలి, అక్కడ ప్రింట్ తీస్తారు, నంబర్లు అప్పుడు బయటపడతాయి.

అందుకని డబ్బు ఇచ్చే ముందు చేయాల్సింది: రెండు ప్రింట్లు తీసి పాత పుస్తకంతో అక్షరం అక్షరం సరిచూడండి. ప్రభుత్వ రవాణా యాప్ ఎంపరివాహన్‌లో నంబరు కొట్టి చూడండి, పాత బండి వివరాలు అందులో లేకపోతే రిజిస్టర్ అయిన ఆర్టీవో ఆఫీసులో అడగండి. దొంగ బండి కాదని జాతీయ నేర నమోదు సంస్థ వారి వాహన్ సమన్వయ్ సేవలో చూసుకోండి. ఫైనాన్స్ గడిలో ఎప్పటిదో కంపెనీ పేరు ఉండిపోతే ఫారం 35 (అప్పు తీరిందని ఆ గడి తీయించే ఫారం), ఆ కంపెనీ ఎన్‌వోసీ లేకుండా పేరు మారదు. ఫైనాన్స్ కంపెనీ మూతపడి ఉంటే అది నెలల తరబడి తిరిగే పని. పేరు మార్పిడికి పెట్టే ఫారం 29, 30ల మీద సంతకాలు సీ-బుక్‌లో ఉన్న యజమాని చేతే, మీ ఎదుటే పెట్టించుకోండి. కొన్నవారు 30 రోజుల్లోపు మార్పిడికి పెట్టుకోవాలి.

మీ బండికి ఫ్రేము మీద 1ఎల్1, పుస్తకంలో 98 సీసీ, ఇంజిన్ నంబరు సరిగ్గా ఉంటే అది ఆర్‌ఎక్స్ 100 చివరి బండ్లలో ఒకటి. కొనదగ్గ బండే, 1989 ధర మాత్రం ఇవ్వకండి. 132 సీసీ అని తేలితే దాని ధర దానిది, ఆ పేరుతోనే బేరమాడండి. ప్రింట్ల ఫోటోలు, పాత పుస్తకం మొదటి పేజీ ఫోటో, యజమాని పేరు, చిరునామా కనిపించకుండా పెడితే నంబర్లు చూసి చెబుతాను.